మిట్ట మీది బంగ్లా

బనగానపల్లె బస్టాండు బయట ఆటో అబ్బాయిని "నవాబు బంగ్లాకు వస్తావా?" అని అడిగితే కాసేపు ఆలోచనలో పడ్డాడు. తర్వాత వెలిగింది. "అరుంధతి కోటనాన్నా? అట్ల సెప్పు మల్ల" అన్నాడు. ఊరు దాటుతుండగా తనే మళ్లీ అన్నాడు. "ఇప్పుడైతే దింపుతా. పొద్దు మునిగినాంక పిలిస్తే మాత్రం రానన్నా. బాడిగ రెండింతలిచ్చినా రాను."

యాగంటి దారి పట్టాం. మాఘమాసం చివరి రోజులు. నల్లరేగడి చేలల్లో శనగ పీకి కుప్పలు వేస్తున్నారు. దారి పొడుగునా నాపరాయి. ఇంటి గోడకు నాపరాయి, పైకప్పుకు నాపరాయి, కొన్నిచోట్ల చేనికి కంచె కూడా నిలువుగా పాతిన నాపరాయే. పాలిష్ ఫ్యాక్టరీల పొడి రోడ్డు పక్క తుమ్మచెట్ల మీద పడి వాటిని తెల్లగా చేసింది. దూరంగా ఎర్రమల కొండలు. ఆ కొండలకు ఇవతల, ఒక మిట్ట మీద, దగ్గర్లో మరో ఇల్లు లేకుండా ఒంటరిగా నిలబడి ఉంది బంగ్లా.

ఫొటోల్లో చూసినదానికంటే చిన్నది. కానీ అది నిలబడిన చోటు వల్ల పెద్దగా కనిపిస్తుంది. ఎటు నుంచి చూసినా వెనుక ఆకాశం తప్ప మరేమీ ఉండదు. వరస కమానులు, తలుపుల్లేని వాకిళ్లు, రెక్కల్లేని కిటికీలు. సున్నపు గార ఊడిపోయి లోపలి రాయి బయటపడింది. గోడల మీద చేతికందినంత మేరా పేర్లు, గుండె బొమ్మలు, బాణాలు. వాటి మధ్య బొగ్గుతో పెద్ద అక్షరాల్లో 'బొమ్మాళీ' అని రాసి ఉంది.

ఒకప్పుడు అందరూ దీన్ని నవాబు బంగ్లా అనే పిలిచేవారు. 2009 జనవరిలో 'అరుంధతి' సినిమా వచ్చింది. కోడి రామకృష్ణ దర్శకుడు, శ్యామ్‌ప్రసాద్ రెడ్డి నిర్మాత. తెర మీద గద్వాల సంస్థానం కోటగా కనిపించింది ఈ బంగ్లానే. అసలు గద్వాల కోట ఇక్కడికి ఉత్తరాన, తుంగభద్రకు ఆవల, తెలంగాణలో ఉంది. జేజమ్మ, 'బొమ్మాళీ' అని అరిచే పశుపతి ఆ సినిమా కథలోని మనుషులు. ఈ సంగతి సినిమా చూసిన ప్రతి ఒక్కరికీ తెలుసు. తెలిసి కూడా రాత్రిపూట ఇటు రావడానికి భయపడతారు. కొందరైతే ఆ భయం కోసమే వస్తారు.

కర్నూలులో కొండారెడ్డి బురుజు అంటే 'ఒక్కడు', ఇక్కడి బంగ్లా అంటే 'అరుంధతి'. సినిమా వాళ్లు వచ్చి చూపిస్తే తప్ప మన సీమ కట్టడాలు మనకు కనబడకపోవడం నాకు ఎప్పుడూ బాధగానే ఉంటుంది. వాళ్లను తప్పుపట్టను. వాళ్లు చూశారు, మనం చూడలేదు. అంతే.

నవాబుల కథ

బనగానపల్లె 255 చదరపు మైళ్ల బుల్లి సంస్థానం. బ్రిటిషు కాలంలో మద్రాసు ప్రభుత్వం కింద అయిదు సంస్థానాలు ఉండేవి: తిరువాన్కూరు, కొచ్చిన్, పుదుక్కోట, సండూరు, బనగానపల్లె. ఈ అయిదింటిలో నేటి ఆంధ్రప్రదేశ్‌లో ఉన్నది ఇదొక్కటే. పాలకులు షియా నవాబులు. 1901 జనాభా లెక్కల నాటికి సంస్థానం మొత్తం మీద ఉన్నది ముప్ఫై రెండు వేల పైచిలుకు మనుషులు. అప్పులు మీద పడి వ్యవహారం చెడిపోతే 1905లో మద్రాసు ప్రభుత్వం కొంతకాలం పాలనను తన చేతుల్లోకి తీసుకుంది. 1948 ఫిబ్రవరిలో సంస్థానం మద్రాసు రాష్ట్రంలో కలిసిపోయి కర్నూలు జిల్లాలో చేరింది. 2022 నుంచి నంద్యాల జిల్లాలో ఉంది. నవాబులు పోయినా వాళ్ల ఊరి పేరు మోస్తున్న మామిడిపండు మాత్రం దేశమంతా తిరుగుతోంది. 2017లో దానికి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది.

బ్రహ్మంగారు గోవులు కాసిన రవ్వలకొండ, కాలజ్ఞానాన్ని పాతిపెట్టారని చెప్పే గరిమిరెడ్డి అచ్చమ్మ ఇల్లు, ఆ చోట మొలిచిన చింతచెట్టు కూడా ఈ బనగానపల్లెవే. నవాబు పరీక్షించబోయి మాంసం పళ్లెం పెడితే అది పూలుగా మారిందని చెప్పుకునే కథ మా అవ్వ చెప్పగా విన్నాను. ఆ కథల్లో నవాబు భయపడడు, భయపెట్టడు. తప్పు తెలుసుకుని స్వామికి మాన్యం రాసిస్తాడు. ఊరి పాత కథ ఒక మనిషి మరో మనిషిని గౌరవించడం దగ్గర ముగుస్తుంది. సినిమా తెచ్చిన కొత్త కథేమో సమాధిలోంచి లేచే కక్షతో మొదలవుతుంది.

ఈ బంగ్లాను నవాబు వేసవి విడిదిగా కట్టించాడని ఊళ్లో చెబుతారు. పైకి వెళ్లి నిలబడితే ఆ మాట నమ్మబుద్ధవుతుంది. కింద ఆటో దిగినప్పుడు చెమటలు కారుతున్నాయి. పైన కమాను కింద నిలబడగానే ఎక్కడి నుంచో గాలి వచ్చి చొక్కా ఆరిపోయింది. చెట్టూ చెరువూ లేని మిట్టను విడిదికి ఎందుకు ఎంచుకున్నాడో ఆ గాలి చెప్పింది. ఇలాంటి చోటు వెతికి పట్టుకున్నవాడు ఎండను ఎరిగినవాడు.

"యాడన్నా ఉందా అన్నా?"

నేను పైన ఉండగానే కడప నంబరు కారొకటి వచ్చి ఆగింది. నలుగురు కుర్రాళ్లు దిగారు. చేతుల్లో టార్చిలైట్లు, ఫోను పట్టుకునే కర్ర, అరచేయంత నల్ల పెట్టె. పెట్టె మీద అయిదు చిన్న దీపాలు. అది విద్యుదయస్కాంత క్షేత్రాన్ని కొలిచే మీటరు. దెయ్యం దగ్గరికొస్తే దీపాలు వెలుగుతాయట. ఆన్‌లైన్‌లో తెప్పించుకున్నామన్నారు. రాత్రంతా ఇక్కడే ఉండి వీడియో తీయాలని వాళ్ల ఆలోచన.

మంచి పిల్లలు. ఒకడు ఇంజనీరింగు చదువుతున్నాడు, ఒకడు మెడికల్ షాపులో పని. నేను రాసే మనిషినని తెలిశాక ఆ ఇంజనీరింగు కుర్రాడు అడిగాడు. "ఫారిన్ వీడియోల్లో అన్నీ పాడుబడిన పిచ్చాసుపత్రులే అన్నా. రాత్రి లోపలికి పోతారు, గొలుసులు, పాత మంచాలు, గోడల మీద గీతలు. మన సీమలో అట్లాంటిది యాడన్నా ఉందా అన్నా?"

లేదు. ఆ మాటే చెప్పాను. ఎందుకు లేదో మాత్రం అప్పుడు చెప్పలేకపోయాను. ఇంటికొచ్చాక కూడా ఆ ప్రశ్న వదల్లేదు. ఈ వ్యాసం దానికి నా జవాబు.

ముందు ఆ విదేశీ ఆసుపత్రుల సంగతి. అమెరికాలోని వెస్ట్ వర్జీనియాలో ట్రాన్స్ అలెఘేనీ ఆసుపత్రి అని ఒకటి ఉంది. 1864లో తెరిచారు. 250 మంది కోసం కట్టిన చోట 1950ల్లో 2400 మందిని కుక్కారు. 1994లో మూతపడింది. ఇప్పుడు అక్కడ టికెట్టు కొని రాత్రిపూట దెయ్యాలను వెతకొచ్చు. అలాంటి ఆసుపత్రులు అక్కడ ఎన్నో ఖాళీ అయ్యాయి. 1950ల్లో మందులు వచ్చాయి. రోగిని జీవితాంతం గోడల మధ్య పెట్టడం అన్యాయమన్న ఆలోచన బలపడింది. ఇటలీ 1978లో ఏకంగా చట్టమే చేసి పాత పిచ్చాసుపత్రులను మూయించే పని మొదలుపెట్టింది. బయటికొచ్చిన రోగులందరికీ మంచి జరిగిందని అనలేం. చాలామంది వీధుల పాలయ్యారు. కానీ ఆ భవనాలు ఖాళీ అవడం వెనుక ఒక సంస్కరణ ఉంది. అక్కడ దెయ్యాలుగా చూపించేది ఎవరిని? ఆ మంచాల మీద బతికి చచ్చిన రోగులనే కదా. బతికుండగా వాళ్లను చూసి భయపడ్డారు, చచ్చాక కూడా భయపడుతున్నారు.

మన దగ్గర ఖాళీ అయిన ఆసుపత్రి లేకపోవడానికి కారణం వేరు. ఖాళీ కావాలంటే ముందు ఉండాలి. మద్రాసులో మానసిక రోగుల కోసం 1794లోనే సర్జన్ కొనొలీ ఒక ఆశ్రయం పెట్టాడు. 1871లో అది కీల్పాక్‌లో ఆసుపత్రి అయింది. కోస్తాకు విశాఖపట్నం వాల్తేరులో ఒకటి వచ్చింది. నిజాం వైపు వాళ్లకు ఎర్రగడ్డ. మైసూరు వాళ్లకు బెంగుళూరు ఆసుపత్రి, అదే 1974లో నింహాన్స్ అయింది. ఈ నాలుగూ ఇప్పటికీ నడుస్తున్నాయి, రోగులతో కిటకిటలాడుతున్నాయి. వీటి మధ్యలో ఉన్న కడప, కర్నూలు జిల్లాలకు మాత్రం చాలాకాలం ఏదీ రాలేదు. రైలెక్కి పోగలిగినవాళ్లు మద్రాసుకో, బెంగుళూరుకో, వేలూరుకో పోయారు. పోలేనివాళ్లకు ఇంటి వెనక పశువుల కొట్టమే ఆసుపత్రి. రాయలసీమలో పాడుబడిన పిచ్చాసుపత్రి కావాలంటే ఏ ఊరికైనా పోయి అలాంటి పాత కొట్టాలను చూడాలి. గొలుసు కట్టిన గుంజ కొన్నింటిలో ఇంకా ఉంటుంది.

పదకొండో రోజు

మాది జమ్మలమడుగు వైపు పల్లె. నాకు తొమ్మిదేళ్లప్పుడు మా వీధిలో, నాకు పెద్దమ్మ వరసయ్యే ఆమె కాన్పయింది. మగపిల్లాడు. పదకొండో రోజు నుంచి ఆమె నిద్రపోలేదు. రాత్రిళ్లు లేచి కూర్చుని గోడతో మాట్లాడేది. ఈ బిడ్డ నా బిడ్డ కాదు, మార్చేశారు అనేది. పాలివ్వమంటే బిడ్డను తోసేసింది. బావిలో పడి చచ్చిన ఒక ఆడమనిషి గాలి సోకిందని తేల్చారు. పక్క ఊరి నుంచి మంత్రగాడు వచ్చాడు. అరుగు మీద కూర్చోబెట్టి వేపమండలతో కొట్టాడు. నిప్పుల మీద ఎండుమిరపకాయలు వేసి ఆ పొగను కొంగు కప్పి పట్టించాడు. "పోతావా పోవా" అని అరుస్తుంటే ఆమె దగ్గుతూ "పోతా సామీ, పోతా" అని ఏడ్చింది. చుట్టూ నిలబడినవాళ్లు దెయ్యం ఒప్పుకుందన్నారు. మా అమ్మ నన్ను లాక్కుని ఇంట్లోకి తీసుకుపోయింది. ఆ దగ్గు ఇప్పటికీ నా చెవుల్లో ఉంది.

ఆమె అన్న బళ్లారిలో పనిచేసేవాడు. సంగతి తెలిసి వచ్చి, ఊరు ఊరంతా వద్దంటున్నా వినకుండా చెల్లెల్ని బండి కట్టించి తీసుకుపోయి, అక్కడి ఆసుపత్రిలో చూపించాడు. కొన్ని వారాల్లో ఆమె తిరిగి మనిషయింది. బిడ్డను ఎత్తుకుని ఊళ్లోకి నడిచొచ్చింది. కాన్పు తర్వాత వెయ్యి మందిలో ఒకరిద్దరికి ఇలాంటి తీవ్రమైన మానసిక జబ్బు వస్తుందనీ, సకాలంలో మందులు పడితే చాలామందికి పూర్తిగా నయమవుతుందనీ నేను పెద్దయ్యాక చదివి తెలుసుకున్నాను. ఆ మగపిల్లాడికి ఇప్పుడు పెళ్లీడు కూతురుంది.

మిరపకాయల పొగ పెట్టినవాడి మీద నాకు కోపం పోలేదు. కానీ అరుగు చుట్టూ నిలబడ్డ జనం మీద కోపం లేదు. వాళ్లకు తెలిసిన దారి అదొక్కటే. వాన రాకపోతే కప్పతల్లి ఆట ఆడతారు, మనిషి మారిపోతే అంత్రం కట్టిస్తారు. నిజానికి మన భాషలో సరైన మాట ఉండనే ఉంది: మనాది. "కొడుకు పోయినాంక ఆయప్ప మనాది పెట్టుకున్యాడు" అంటారు సీమలో. మనోవ్యాధి అన్న మాటే నలిగి నలిగి మనాది అయింది. ఇది మనసుకొచ్చిన జబ్బేనని మన పెద్దలు ఎప్పుడో పసిగట్టి పేరు పెట్టారు. దాన్ని నయం చేసేవాడు మాత్రం దగ్గర్లో ఉండేవాడు కాదు.

నేను దేవుడి మీద, దర్గాల మీద నమ్మకం లేనివాణ్ణి కాదు. కడప పెద్ద దర్గా ఉరుసుకు మా అమ్మ వెంట పోయాను, చేతికి దారం కట్టించుకున్నాను. నెల్లూరు జిల్లా ఏఎస్ పేట దర్గాకు కర్నూలు, కడప నుంచి ఎన్నో కుటుంబాలు మనసు చెడిన బిడ్డల్ని తీసుకుని పోతాయి. గుంతకల్లు దగ్గర కసాపురం ఆంజనేయస్వామి దగ్గరికీ పోతాయి. అక్కడ వాళ్లకు దొరికేది చిన్న విషయం కాదు. వాళ్లను ఎవరూ వెలివేయరు, కసురుకోరు, పిచ్చోడని పేరు పెట్టరు. నా ఆవేదనంతా ఒక్కటే. అక్కడితో ఆగిపోతే మనిషి చేయి దాటిపోతాడు.

2001 ఆగస్టు 6న తమిళనాడులోని ఏర్వాడిలో జరిగింది గుర్తుచేసుకోవాలి. దర్గా చుట్టూ వెలసిన ఒక ప్రైవేటు ఆశ్రయంలో తెల్లవారుజామున మంటలు లేచాయి. గొలుసులతో కట్టేసిన 28 మంది మానసిక రోగులు బయటికి రాలేక కాలిపోయారు. సుప్రీంకోర్టు తనంత తానే కేసు తీసుకుంది. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం గొలుసులు వేయడాన్ని స్పష్టంగా నిషేధించింది. ఎవరికైనా ఒళ్లు జలదరించే చోటు కావాలంటే నాకు తెలిసి అదే. అక్కడికి మీటర్లు పట్టుకుని పోవాల్సిన పని లేదు.

గుజరాత్‌లో మెహసానా జిల్లా ఉనావాలో మీరా దాతార్ దర్గా ఉంది. అక్కడ 2008 ప్రాంతంలో 'దవా, దువా' అని ఒక పని మొదలైంది. దవా అంటే మందు, దువా అంటే ప్రార్థన. దర్గా ముజావర్లకే జబ్బు లక్షణాలను గుర్తుపట్టడం నేర్పారు. వచ్చిన మనిషికి ముందు వాళ్లు దువా చేస్తారు, తర్వాత పక్కనే ఉన్న గదిలో డాక్టరు దగ్గరికి పంపుతారు. నమ్మకాన్ని ఎవరూ తక్కువ చేయలేదు, మందును ఎవరూ కాదనలేదు. నాకు తెలిసిన పరిష్కారాల్లో ఇంత మర్యాదైనది మరొకటి లేదు. మన సీమ దర్గాల దగ్గర, గుళ్ల దగ్గర ఇలాంటి గది ఒక్కటి ఎందుకు ఉండకూడదు?

మా పెద్దమ్మకు నయమైన బళ్లారికి ఈ కథలో ఇంకో చోటు కూడా ఉంది. 1800లో నిజాం కుంఫిణీకి రాసిచ్చిన దత్త మండలాల్లో మనతోపాటు ఉన్న జిల్లా అది. 1953లో మైసూరుకు పోయింది. 1980ల నడుమ నింహాన్స్ వైద్యులు ఒక ప్రయోగానికి ఆ జిల్లానే ఎంచుకున్నారు. పెద్ద ఆసుపత్రి కట్టకుండా, పల్లెల్లోని ప్రాథమిక ఆరోగ్య కేంద్రం డాక్టరుకూ, ఆరోగ్య కార్యకర్తకూ మానసిక జబ్బులను గుర్తించడం నేర్పి, కొద్ది రకాల మందులు అక్కడే ఉంచారు. జనం వచ్చారు. మందు దగ్గర్లో ఉంటే మంత్రగాడి దాకా పోయే దారి మారుతుందని తేలింది. 1996లో దేశమంతటికీ తెచ్చిన జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమానికి బళ్లారే నమూనా. మన గడ్డ మీద, మన పక్కింట్లో జరిగిన ఇంత పెద్ద పని గురించి కర్నూలులో ఎంతమందికి తెలుసు?

2015-16లో నింహాన్స్ చేసిన జాతీయ సర్వేలో దేశంలో పెద్దవాళ్లలో నూటికి పదిమందికి పైగా ఏదో ఒక మానసిక సమస్యతో ఉన్నారని, వాళ్లలో అత్యధికులకు వైద్యం అందడం లేదని తేలింది. పంట ఎండితే ఆదోని వైపు నుంచి సుగ్గికి వలస పోయే కుటుంబాలు, అప్పుల్లో మునిగిన రైతు, ఫ్యాక్షన్ రోజుల్లో భర్తను పోగొట్టుకుని మూడు దశాబ్దాలుగా రాత్రి తలుపు చప్పుడుకు ఉలిక్కిపడే ఆడవాళ్లు. వీళ్లందరినీ తలుచుకుంటే ఆ అంకె నాకు తక్కువే అనిపిస్తుంది.

చీకటి పడ్డాక

కుర్రాళ్లతో పాటు నేనూ ఆ సాయంత్రం ఉండిపోయాను. పొద్దు ఎర్రమలల మీదికి వాలేవేళ మేకలు తోలుకుపోతున్న ఒక పెద్దాయన మమ్మల్ని చూసి ఆగాడు. "దయ్యం ల్యా, గియ్యం ల్యా నాయనా. యాబై యేండ్లుగా ఈడనే మేపుతాండా. తేళ్లుండాయి, పాములుండాయి, గబ్బిలాలుండాయి. పైకప్పు ఎప్పుడు మీద పడ్తాదో తెలీదు. అది సూస్కోండి" అన్నాడు. ఆ రోజు విన్నవాటిలో ఇంతకు మించిన మాట లేదు.

చీకటి పడింది. గబ్బిలాలు ఒక్కసారిగా గుంపుగా బయటికి పోయాయి. కింది గదిలో కూర్చున్నాం. టార్చి ఆర్పేశాం. కళ్లు అలవాటు పడేదాకా నల్లటి నలుపు. తర్వాత కమానుల్లోంచి చుక్కలు కనిపించాయి. రాత్రి గాలి లేచి, తలుపుల్లేని వాకిళ్ల గుండా దూరి, సన్నగా, ఎవరో మూలుగుతున్నట్టు చప్పుడు చేసింది. నా చేతుల మీద వెంట్రుకలు నిక్కబొడుచుకున్నాయి. దాచుకోవాల్సిన పని లేదు, భయం వేసింది. పక్క గదిలో ఏదో టపుక్కున రాలింది. వెళ్లి చూస్తే గార పెళ్ల.

ఎనిమిదిన్నర ప్రాంతంలో నల్ల పెట్టె మీద దీపాలన్నీ ఒక్కసారి వెలిగాయి. ఎవరూ ఊపిరి తీసుకోలేదు. మరుక్షణం మెడికల్ షాపు కుర్రాడి జేబులో ఫోను మోగింది. వాళ్లమ్మ, అన్నం తిన్నావా అని. ఫోను మోగబోయే ముందు వచ్చే సంకేతానికే మీటరు స్పందించింది. ఇంజనీరింగు కుర్రాడు ఫోన్లన్నీ దూరంగా కారులో పెట్టించాడు. ఆ తర్వాత మేమక్కడ ఉన్నంతసేపూ దీపం వెలగలేదు. ఆ పని చేసినందుకు అతన్ని మెచ్చుకున్నాను. దెయ్యం ఉందని నమ్మించే వీడియో తీయడం అతనికి సులువు. అతను సందేహం తీర్చుకోవడానికి పూనుకున్నాడు.

ఇంగ్లండులోని కోవెంట్రీలో విక్ టాండీ అనే ఇంజనీరు ఇలాగే చేశాడు. తను పనిచేసే ప్రయోగశాలలో కంటి చివర ఏదో బూడిదరంగు ఆకారం కదిలినట్టు కనిపించి, చెమటలు పట్టాయి. మర్నాడు బిగింపులో పెట్టిన కత్తి బద్ద తనంతట తనే ఊగడం చూశాడు. పారిపోకుండా వెతికితే కొత్తగా పెట్టిన ఫ్యాను దొరికింది. అది చెవికి వినిపించని, సెకనుకు దాదాపు 19 కంపనాల శబ్దం పుట్టిస్తోంది. ఫ్యాను ఆపితే భయం పోయింది. 1998లో ఆ సంగతి పత్రంగా ప్రచురించాడు. ప్రతి భయానికీ అదే కారణమని కాదు. వెతికితే కారణం దొరకొచ్చని.

వెతకడమంటే గుర్తొచ్చింది. చీకట్లోకి దీపం పట్టుకుని పోయినవాళ్ల వల్ల ఈ ప్రాంతానికి ఎంత మేలు జరిగిందో ఆ పిల్లలకు చెప్పాను. కొలిమిగుండ్ల దగ్గర బెలుం గుహలు ఒకప్పుడు చెత్త పారబోసే గుంతలు. 1884లో రాబర్ట్ బ్రూస్ ఫుట్ వాటి గురించి రాశాడు. తర్వాత దాదాపు వందేళ్లు ఎవరూ పట్టించుకోలేదు. 1980ల మొదట్లో డేనియల్ గెబావర్ అనే జర్మన్, తన బృందంతో ఆ చీకట్లోకి దిగి, కొలతలు తీసి పటం గీశాడు. మూడు కిలోమీటర్ల పైచిలుకు సొరంగాలు తేలాయి. ఇవాళ అక్కడికి బడిపిల్లల బస్సులు వస్తున్నాయి.

ఈ బనగానపల్లె మండలంలోనే జుర్రేరు వాగు లోయ ఉంది. జ్వాలాపురం దగ్గర తెల్లటి బూడిద పొరలు బయటపడ్డాయి. 74 వేల ఏళ్ల కిందట ఇండోనేషియాలో టోబా అగ్నిపర్వతం పేలినప్పుడు గాలిలో సముద్రం దాటి వచ్చి పడిన బూడిద అది. రవి కొరిశెట్టర్, మైకేల్ పెట్రాగ్లియా బృందం తవ్వి చూస్తే ఆ పొర కిందా, పైనా కూడా మనిషి చెక్కిన రాతి పనిముట్లు దొరికాయి. అంత ప్రళయం తర్వాత కూడా ఈ లోయలో మనుషులు బతికారని 2007లో సైన్స్ పత్రికలో రాశారు. అలాంటి బూడిదను ఇక్కడి జనం గుల్లసున్నంలా తవ్వి అమ్ముకున్నారు, పాపం, వాళ్లకు ఎవరు చెప్పారు గనుక. చచ్చినవాళ్ల జాడ కోసం వచ్చిన నా కుర్రాళ్లకు ఈ సంగతి చెబితే నోళ్లు తెరిచి విన్నారు. "ఈడికి ఎంత దూరమన్నా అది?" అని అడిగాడు ఒకడు. దగ్గరే అన్నాను. రాత్రంతా ఉండాలనుకున్నవాళ్లు పది గంటలకే లేచారు. పొద్దున్నే జ్వాలాపురం పోవాలట.

బంగ్లాకు ఇప్పుడు కావలసింది మనుషుల చూపు. దూలాలు పుచ్చిపోతున్నాయి, గార రాలుతోంది, పేర్లు చెక్కే చేతులు ఆగడం లేదు. కడపలో సి.పి. బ్రౌన్ బంగ్లా కూడా ఒకప్పుడు మొండిగోడలుగానే మిగిలింది. తెలుగు తాళపత్రాలను పండితుల చేత పరిష్కరింపజేసిన ఆ చోటును జానమద్ది హనుమచ్ఛాస్త్రి గారు ఊరూరా తిరిగి విరాళాలు అడిగి గ్రంథాలయంగా నిలబెట్టారు. ఒక్క మనిషి పట్టుదలకు అంత పని జరిగింది. బనగానపల్లె బంగ్లాను పర్యాటక శాఖ, పురావస్తు శాఖ కలిసి కాపాడాలి. ముందుగా పైకప్పును నిలబెట్టి, ఒక కాపలా మనిషిని పెట్టి, సంస్థానం చరిత్రనూ జుర్రేరు లోయ సంగతినీ చెప్పే పలకలు నాటాలి. సినిమా పేరు కూడా ఆ పలక మీద ఉండనివ్వండి. కానీ నవాబు పేరు ముందుండాలి.

ఇక కుర్రాడి ప్రశ్నకు జవాబులో చివరి భాగం. 2023 డిసెంబరులో కడప రిమ్స్‌లో వంద పడకల మానసిక ఆరోగ్య కేంద్రాన్ని ప్రారంభించారు. మన నేల మీద ఆలస్యంగా వచ్చిన ఆసుపత్రి. కర్నూలు పెద్దాసుపత్రిలో మానసిక వైద్య విభాగం ఉంది. ఇవి ఖాళీ కాకూడదు, పాడుపడకూడదు, డాక్టర్ల కొరత రాకూడదు. మీ ఇంట్లో గానీ, పక్కింట్లో గానీ ఎవరైనా రాత్రిళ్లు నిద్రపోకుండా గోడతో మాట్లాడుతుంటే, బాలింత తన బిడ్డను తనది కాదంటుంటే, పొలం నుంచి వచ్చిన మనిషి రోజుల తరబడి పలకకుండా కూర్చుంటే, దారం కట్టించండి, దండం పెట్టుకోండి, ఆ తర్వాత తప్పకుండా అక్కడికి తీసుకుపోండి. పోలేకపోతే కేంద్ర ప్రభుత్వపు టెలిమానస్ నంబరు 14416కు ఫోను చేయండి. పగలూ రాత్రీ పలుకుతారు, తెలుగులో మాట్లాడతారు, డబ్బు అడగరు.